రాగితీగ గాజు

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు పక్షాలుండేవి. మా అత్తగారికి నరాల జబ్బు పట్టుకుందనే వాళ్ళంతా ఒక పక్షం. తనకేమీ లేదనే మా అత్తగారు రెండో పక్షం. నేను కొన్నాళ్ళు గోడమీద పిల్లిలా కూర్చున్నాను. కోడలన్నాక ఆ మాత్రం లౌక్యం ఉండాలి కదా.

అత్తగారిది లాండ్రీ. మేడ మీద మేము, కింద భాగమంతా లాండ్రీ. ముందు గదిలో ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో ఉతికే మెషిన్లు, ఆ వెనక ఆరేసే తీగలు. వీధి చివరి లాడ్జీ దుప్పట్లు, ఇద్దరు మంగళ్ళ తువ్వాళ్ళు, ఒక నర్సింగ్ హోము తెల్లకోట్లు అన్నీ ఆవిడ చేతి మీదుగానే తెల్లబడాలి. మెషిన్లలోకెల్లా పెద్దదానికి ఆవిడ పెట్టిన పేరు ఏనుగు. నీళ్ళు తనే నింపుకుని, తనే కాచుకుని, తనే ఉతికి, ఆఖర్న బట్టలు పిండేటప్పుడు గదంతా అదరగొట్టేది.

గొడవంతా ఆ ఏనుగుతోనే వచ్చింది.

"ముట్టుకుంటే చురుక్కుమంటోందిరా," అంది ఒకరోజు మా ఆయనతో.

మా ఆయన బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తాడు. ప్రపంచంలో ప్రతిదానికీ బయలుదేరే వేళా చేరే వేళా ఉంటాయని ఆయన గట్టి నమ్మకం.

"ఎప్పుడు చురుక్కుమంటోందమ్మా?"

"ఒక్కోసారి."

"ఒక్కోసారి అంటే ఏ టైముకి?"

"టైము తెలిస్తే ఆ టైముకి ముట్టుకోను కదరా మొద్దూ!"

మా ఆయన ఏనుగు మీద చెయ్యి వేసి చూశాడు. ఏమీ లేదు. నేనూ వేసి చూశాను. ఏమీ లేదు. అప్పుడది ఇంకా చన్నీళ్ళు నింపుకుంటోందనీ, మా ఇద్దరి కాళ్ళకీ రబ్బరు చెప్పులున్నాయనీ నాకు తట్టలేదు. కాలేజీలో ఫిజిక్స్ లాబ్ నడిపే మనిషిని, తట్టొద్దూ! అత్తగారు మాత్రం ఎప్పుడూ ఆ తడి గచ్చు మీద ఉత్తికాళ్ళతోనే తిరిగేది. తడిలో చెప్పులేసుకుంటే జారి పడతానని ఆవిడ భయం.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. వీధి వీధంతా ఆయన్ని టెస్టర్ బాబాయి అంటుంది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్ ఉంటుంది ఆయనకి. ఆగిపోయి చల్లగా ఉన్న ఏనుగుని ప్లగ్గులో పెట్టి నాలుగు చోట్ల టెస్టర్ ఆనించి, "బుల్బు వెలగట్లేదు అక్కయ్యా. కరెంటు సంగతి కాదిది," అన్నాడు. ఇంకోసారి పిలిస్తే ఇంకోసారి వచ్చి అదే మాట చెప్పాడు.

ఆ తర్వాతి వారం ఆవిడ ఏనుగు తలుపు తీయబోయి, ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కుని, దుప్పట్ల బుట్ట మీద వెల్లకిలా పడింది. మోచెయ్యి కమిలిపోయింది. నర్సింగ్ హోముకి తీసుకెళితే డాక్టరు చేతులు చాపమన్నాడు. పడిన కంగారులో ఉన్న మనిషి చేతులు వణకవా? వణికాయి. నరాలు బలహీనపడ్డాయి, స్పర్శ పాడైంది, లేని జలదరింపులు ఉన్నట్టనిపిస్తాయి, విశ్రాంతి కావాలన్నాడు.

విశ్రాంతి అన్న మాట మా ఆయన చెవిన పడిందంటే ఇక అంతే. తల్లంటే ప్రాణం ఆయనకి, ఆ ప్రేమలో ఎదుటివాళ్ళ మాట వినపడదు. వేసవి అయ్యేలోగా లాండ్రీ మూసెయ్యాలన్నాడు. మెషిన్లు కొనుక్కెళ్ళే ఆసామిని కూడా మాట్లాడేశాడు. ఆ ఆసామి ఒక ఉదయం వచ్చి ఏనుగు పొడుగూ వెడల్పూ టేపుతో కొలుచుకుని పోయాడు. కొలుస్తున్నంతసేపూ అత్తగారు అటు తిరిగి తువ్వాళ్ళు మడతపెడుతూనే ఉంది.

ఆసామి వెళ్ళాక నన్ను పిలిచింది.

"అమ్మాయ్, నువ్వు కరెంటు చదువు చదివావు కదా. నువ్వేమంటావు? నాకు జబ్బేనంటావా?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని భయపడుతూనే ఉన్నాను.

"కొలవకుండా ఏమీ అనలేను అత్తయ్యా."

"అయితే కొలువు," అంది. "కొలిచి నాదే తప్పని తేలితే, ఆ తాళం నేనే వేస్తాను."

అలా గోడ దిగాను.

తీగని కొయ్యకుండానే అందులో పారే కరెంటు కొలిచే మంచి క్లాంప్ మీటరు కాలేజీలో ఉంది. అది బీరువాలో, బీరువా తాళం స్టోర్‌కీపర్ జేబులో, స్టోర్‌కీపర్ సెలవుల్లో ఎక్కడున్నాడో వాళ్ళావిడకే తెలీదు. సరే, నేనే చేస్తానన్నాను. తీగలో కరెంటు పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత ప్రభావం పుడుతుంది. ఆ తీగని ఒక ఇనుప వలయం మధ్యలోంచి పోనిచ్చి, వలయం మీద సన్నటి రాగితీగ వందల చుట్లు చుడితే, తీగలో పారే పెద్ద కరెంటుకి చిన్న నకలు ఆ చుట్లలో తయారవుతుంది. ఆ నకలుని మామూలు మీటరుతో చదవొచ్చు. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. మెయిన్స్ తీగని కొయ్యక్కర్లేదు, దాని ఒంటి మీద చెయ్యి వెయ్యక్కర్లేదు.

పాత సామాన్ల కొట్లో కాలిపోయిన యాంప్లిఫయర్ ఒకటి దొరికింది. దాని పొట్టలో గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్. మాడిన తీగంతా విప్పేస్తే లోపల గాజులా మిగిలింది ఇనుప వలయం. మోటార్లకి తీగ చుట్టే షాపతను పూత పూసిన రాగితీగ ఇచ్చాడు, జుట్టంత సన్నం. వలయానికి గుడ్డ పట్టీ చుట్టి, ఐస్ పుల్లకి రెండు వైపులా గాటు పెట్టి, దాని మీద తీగ ఎక్కించుకుని చుట్టడం మొదలుపెట్టాను. పుల్ల వలయం లోంచి వెళ్ళాలి, పైనుంచి రావాలి, మళ్ళీ లోంచి వెళ్ళాలి. లెక్క తప్పకూడదు. సరిగ్గా లెక్క మధ్యలో ఉండగా మా ఆయన వచ్చి, "కాఫీ ఏమైనా ఉందా?" అనేవాడు. రెండుసార్లు మొదటికొచ్చాను. మూడోసారి ఆయన గడప దాటకముందే చెయ్యి చూపించాను. ఆ చెయ్యి చూసి కాఫీ తనే పెట్టుకున్నాడు, నాకూ ఒక కప్పు ఇచ్చాడు.

అత్తగారు వచ్చి నా పనితనం చూసేది.

"ఏమిటే ఇది, పిల్లి ఆడుకున్న దారపుండలా ఉంది? ఒకదాని మీద ఒకటి ఎక్కించేస్తున్నావు. పక్కపక్కనే పడుకోబెట్టాలి."

"మీరు చుడతారా?"

"నా చేతులు పనికిరావటగా," అని వెళ్ళిపోయేది.

చుట్టడం అయ్యాక పైన ఇంకో పట్టీ వేసి, తీగ రెండు కొసలకీ ఒక రెసిస్టర్ టంకం పెట్టాను. ఆ కొసల్ని ఉత్తినే వదిలేస్తే లోపల వోల్టేజి పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలకి ఈ సంగతి గొంతు పోయేలా చెబుతుంటాను. ఆ రెసిస్టర్ దగ్గరే మీటరు తగిలించాలి. మొదటి పరీక్షకి వంటింట్లో కెటిల్ పెట్టాను. దాని వైరు గాజులోంచి దూర్చాను. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. స్విచ్చి వేశాను.

సున్నా.

కెటిల్ బుసబుసమని కాగుతోంది, మీటరు సున్నా దగ్గరే కూర్చుంది. తీగలన్నీ మళ్ళీ తడిమి చూశాను. మళ్ళీ సున్నా.

"మా ఆవిడకి సున్నా మార్కులొచ్చాయి," అన్నాడు మా ఆయన. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే తెలిసింది. వైరు మొత్తం దూర్చాను! వైరులో కరెంటు వెళ్ళే తీగా ఉంటుంది, తిరిగొచ్చే తీగా ఉంటుంది. ఒకటి అటు లాగితే రెండోది ఇటు లాగుతుంది, రెండూ సరికి సరి. మధ్యలో ఉన్న గాజుకి కనపడేదేముంది? ఈ తప్పు చేసినందుకే మొన్న పరీక్షల్లో ఒక కుర్రాణ్ణి నిలబెట్టి కడిగేశాను. ఆ కుర్రాడు అక్కడ లేకపోవడం నా అదృష్టం.

ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు తయారుచేసి, అందులో తీగలు మూడూ విడివిడిగా బయటికి కనిపించేలా పెట్టాను. వెళ్ళే తీగని ఒక్కదాన్నే గాజులోంచి పోనిచ్చి స్విచ్చి వేశాను. మీటరు గబుక్కున లేచింది. లెక్కవేస్తే కెటిల్ అడుగున రాసి ఉన్నదానికీ నా గాజు చెప్పినదానికీ ఆవగింజంత తేడా. ఇస్త్రీపెట్టె పెట్టాను, సరిపోయింది. రెండూ కలిపి పెట్టాను, రెండూ కలిపినంత చూపించింది. నేను వంటింట్లో గంతులేశానని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడు. వేశాను, అందులో దాచేదేముంది.

మర్నాడు గాజు తీసుకుని ఏనుగు దగ్గరికి వెళ్ళాను. అత్తగారు ఉదయమే మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడింది, కోర్టులో తీర్పు వినడానికి వచ్చినట్టు. మెషిను ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటుందని, అదే దాని రోగమని నా ఊహ. చన్నీళ్ళప్పుడు కొలిచాను, కాగేటప్పుడు కొలిచాను, పిండేటప్పుడు కొలిచాను. ప్రతిసారీ మెషిను వెనక రేకు మీద రాసి ఉన్నంతే. ఒక పిసరు ఎక్కువ లేదు.

నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది.

"బాగానే ఉందంటోందా నీ గాజు?"

"అవునత్తయ్యా."

"సరే," అంది. తిట్టినా బాగుండేది. ఏనుగులోంచి దుప్పట్లు తీసి బుట్టలో వేసుకుని వెళ్ళి ఆరేసింది, ఎప్పటిలాగే అంచులు లాగి సాపుచేస్తూ. నాకు ఏడుపొచ్చింది. ఎంతో గొప్పగా పనిచేసే సాధనం చేసి, దాంతో ఆవిడ నోరే మూయించానే అని.

మధ్యాహ్నం మా ఆయన ఆసామికి కబురు పెట్టాడు, వచ్చే సోమవారం బండి తెచ్చుకోమని.

ఆ సాయంత్రం లాడ్జీ గుమస్తా ఉతికిన బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. అత్తగారు లెక్కపెట్టి ఇస్తోంది. ఎన్ని లోపలికి వచ్చాయో అన్నీ బయటికి పోవాలని ఆవిడ పట్టుదల. ఒక దిండు గలీబు తగ్గింది.

"ఒక్క గలీబేగా, వదిలెయ్యండమ్మా," అన్నాడు గుమస్తా. "అన్నీ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. చాలు."

"శుభ్రంగా ఉంటే సరిపోతుందా? వచ్చినన్ని వెళ్ళాలి బాబూ. ఒకటి తగ్గిందంటే, అది ఎటో పోయిందనే లెక్క. ఎటు పోయిందో చూడకుండా నేను గడప దాటనివ్వను."

నేను చేతిలో ఉన్న తువ్వాళ్ళు అక్కడే పడేశాను.

వెళ్ళే కరెంటు ఎంతో చూశాను. అది తెల్లగా, శుభ్రంగా ఉంది. వెళ్ళినంతా తిరిగొస్తోందా అని ఎవరు చూశారు? వంటింట్లో నాకు సున్నా వచ్చింది, నేను తప్పనుకున్నాను. అది తప్పు కాదు, కెటిల్ ఆరోగ్యంగా ఉందని గాజు చెప్పిన మాట! వెళ్ళే తీగనీ తిరిగొచ్చే తీగనీ రెంటినీ కలిపి దూర్చి, సున్నా రాకపోతే, ఆ తేడా ఇంకెటో పోతున్నట్టే. తడి గచ్చులోకి. దాని మీద నిలబడ్డ మనిషిలోకి.

గలీబు ఇస్త్రీ బల్ల కింద దొరికింది. గుమస్తా వెళ్ళాడు.

"అత్తయ్యా, రేపు మళ్ళీ కొలుస్తాను."

"ఇంకా ఏం మిగిలిందే కొలవడానికి?"

"తప్పుగా కొలవాలి. ఈసారి కావాలని."

నన్ను ఎగాదిగా చూసింది. జబ్బు ఇంట్లో ఒక్కరితో ఆగలేదనుకుంది కాబోలు.

మర్నాడు టెస్టర్ బాబాయిని కూడా పిలిపించాను. మా ఆయన డ్యూటీకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగిపోయాడు. పొట్టి వైరులో వెళ్ళే తీగనీ తిరిగొచ్చే తీగనీ కలిపి గాజులోంచి పోనిచ్చాను. ఎర్త్ తాలూకు పచ్చతీగని బయటే ఉంచాను. అత్తగారికి నా రబ్బరు చెప్పులు తొడిగించి, మెషినుకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఏనుగు నీళ్ళు నింపుకుంది. మీటరు సున్నా. తిరగడం మొదలెట్టింది. సున్నా.

"చూశావా," అని మా ఆయన ఏదో అనబోయాడు.

లోపల హీటరు టక్‌మంది. నేను మీటరునే చూస్తూ ఉండాల్సింది, కానీ అత్తగారి వైపు చూశాను. ఆవిడ కుడి చెయ్యి దానంతటదే వెనక్కి జరిగి గుండెకి ఆనుకుంది. అంత దూరంలో నిలబడి, దేన్నీ ముట్టుకోకుండా. అలా జరిగిందని ఆవిడకే తెలీదు.

అప్పుడు మీటరు చూశాను. అంకె కదులుతోంది. నీళ్ళు వేడెక్కుతున్న కొద్దీ మెల్లగా, ఆగకుండా పైకెక్కుతోంది.

టెస్టర్ బాబాయి ముందుకొచ్చి, నా భుజం మీంచి అంకె చూసి, గోడకున్న మెయిన్ స్విచ్చి టపీమని ఆపేశాడు.

"అక్కయ్యా," అన్నాడు, "ఇన్నాళ్ళూ దీని మీద చెయ్యేసి పని చేశావా నువ్వు?"

"చెబుతూనే ఉన్నాను కదా తమ్ముడూ."

ఏనుగుని విప్పితే హీటరు కడ్డీ మీద వెంట్రుకంత పగులు. "చల్లగా ఉన్నంతసేపూ పెద్దమనిషిలా ఉంటోంది. వేడెక్కగానే నోరు తెరుస్తోంది. నేను రెండుసార్లూ చల్లగా ఉన్నప్పుడే చూశాను," అన్నాడు బాబాయి. గోడలో, లీకైన కరెంటుని భూమిలోకి దించాల్సిన ఎర్త్ తీగ బోల్టు తుప్పుపట్టి, తీగ దాని పక్కన ఊరికే వేలాడుతోంది. అన్నీ మార్చాడు. గోడకి అలాంటి లీకు పసిగట్టి ఆపేసే స్విచ్చి ఒకటి కొత్తగా బిగించాడు. నేను మళ్ళీ గాజు పెట్టాను. ఏనుగు నిండింది, తిరిగింది, టక్‌మంది, కాగింది, పిండింది. మొదట్నుంచీ చివరిదాకా సున్నా. జీవితంలో సున్నాని చూసి అంత సంతోషపడింది అదొక్కసారే.

అత్తగారు మమ్మల్ని ఎవర్నీ అడగలేదు. చెప్పులు విడిచేసి, తడి గచ్చు మీద నడుచుకుంటూ వెళ్ళి, తిరుగుతున్న ఏనుగు మీద అరచెయ్యి పూర్తిగా ఆనించింది. అలాగే ఉంచింది. ఆవిడ మొహంలో మెల్లగా నవ్వొచ్చింది, ఆ వేసవి మొత్తంలో మొదటి నవ్వు.

మా ఆయన అక్కడే ఫోను తీసి ఆసామికి చేశాడు. "సోమవారం బండి తేవద్దండీ. ఆ సర్వీసు రద్దయింది. లేదండీ, ఇంకోరోజుకి మార్చలేదు. రద్దు." ఫోను పెట్టేసి తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ చేతిలోని బుట్ట అందుకున్నాడు. తను ఆరేస్తానన్నాడు. దుప్పట్లన్నీ వంకరగా ఆరేశాడు. ఆవిడ వాటిని వెనకే సరిచేసుకుంటూ వెళ్ళింది.

ఆ తర్వాత వీధిలో మా గాజుకి పేరొచ్చింది. బేకరీ ఆవిడ తన పిండి కలిపే మెషినుకి కొలవమంది. మంగలి నీళ్ళ హీటరు కొలిపించుకున్నాడు. నర్సింగ్ హోములో కొలవడానికి వెళితే, నరాలన్న డాక్టరుగారే ఎదురొచ్చి అత్తగారికి కుర్చీ వేశారు. "నన్ను క్షమించండమ్మా, నేను చేతుల్నే చూశాను," అన్నారు. "ఫర్వాలేదు బాబూ, ఇంట్లో వాళ్ళు అవి కూడా చూడలేదు," అంది అత్తగారు. ఎక్కడికి వెళ్ళినా గాజు నేను పట్టుకుంటే మాటలు ఆవిడవి. "వెళ్ళినంతా తిరిగి రావాలి. రాకపోతే ఎటో పోయినట్టు," అని అందరికీ పాఠం చెప్పేది. నేను అయిదేళ్ళుగా చెబుతున్న పాఠం అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. టెస్టర్ బాబాయి కూడా తనకొక గాజు కావాలని నాచేత మాట తీసుకున్నాడు.

సెలవులు అయిపోవచ్చాయి. కాలేజీకి వెళ్ళే ముందురోజు బాబాయి గాజు మొదలుపెడదామని చూస్తే, దానికోసం తెచ్చిపెట్టుకున్న రెండో ఇనుప వలయం లేదు, రాగితీగ చుట్ట సగమైంది. ఇల్లంతా వెతికి కిందికి వెళ్ళాను. ఇస్త్రీ బల్ల మీద, మడతపెట్టిన తువ్వాలు మధ్యలో ఉంది గాజు. పూర్తయిపోయి.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఒక చుట్టు పక్కన ఒక చుట్టు, ఒక్కటీ ఇంకోదాని మీద ఎక్కకుండా, మధ్యలో సందు లేకుండా, నున్నగా మెరుస్తోంది. నేను చుట్టినది దీని పక్కన పెట్టడానికే సిగ్గేసింది. రెసిస్టర్ టంకం పెట్టి, మేడ మీదికి పట్టుకెళ్ళి, పొట్టి వైరులో కెటిల్‌కి వెళ్ళే తీగకి తొడిగాను. నా గాజుకి ఆవగింజంత తేడా వచ్చింది కదా, దీనికి అదీ రాలేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది కంపెనీది కదూ? ఎక్కడ కొన్నావు? ఎవరు చుట్టారు దీన్ని?"

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, చంకలో దుప్పట్ల బుట్టతో.

"నరాల జబ్బు మనిషి," అంది. "కాస్త పక్కకి జరుగు నాయనా, నాకు బోలెడంత పనుంది."